తోతాపురి, మార్క్ టూ

రాత్రి పదిన్నరకి గ్రీంస్‌పేటలో
షట్టరు సగం దించి జ్ఞానవేలన్న ఇంటికి పోతాడు.
నాకు మిగిలేది
ఒక ఫ్యాను, ఒక యూపీఎస్సు,
ఆరీ ఆరని ఫ్లెక్సుల సిరా వాసన,
ఇంకా ఒక వైమానిక దళం.

పగలంతా మొహాలకి తెలుపు పూస్తాను.
చెవులు కుట్టే పాపకి కిరీటం,
వార్డు లీడరుకి వెనకాల సింహం,
సంవత్సరీకం తాతకి మేఘాలు.
రాత్రయితే ఆ మేఘాలే నా విమానాలకి.
ఫోల్డరు ఒకటే.

దీని పేరు తోతాపురి.
ముక్కు చూడండి, కాయకున్నట్టే కొసన ఒక వంకర.
రెక్కలు వెనక్కి గాదు, ముందుకి వాలుంటాయి,
పరిగెత్తబోయి తమాయించుకున్న మనిషి చేతుల మాదిరి.
పంతొమ్మిదొందల యాభై ఎనిమిది.
చిత్తూరు విమాన కర్మాగారం, ప్రయోగ విభాగం.
అట్లాంటిది లేదని నాకూ తెలుసు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్లనే హ్యాంగర్లు చేసినాను.
పలమనేరు దారిలో కొండ తొలిచి
గ్రానైటు రన్‌వే పరిచినాను.
నీవా ఏట్లో గట్టుదాకా నీళ్లు నింపినాను,
యుద్ధానికి కాదు,
రెక్క నీడ పడేదానికి ఏదో ఒకటి కావాల గదా.

ఆ చరిత్రలో ఎవురు ఎవురితో కొట్లాడినారో
ఇంకా రాసుకోలేదు.
శత్రువు లేయరు ఖాళీ.
తుపాకులైతే అతికించినాను,
గుండ్లు పొయ్యి పడే చోటు మాత్రం
ఫ్రేములోకి రానియ్యలేదు.

షట్టరు కింద వంగి వచ్చినాడు చెంగల్రాయులు సారు.
పెండ్లాం సంవత్సరీకానికి ఫ్లెక్సు, ఆరుకి నాలుగు.
పెన్‌డ్రైవ్ లేదు, కవర్లో ఒక గుంపు ఫోటో.
ఇచ్చేవాడు ఇయ్యకుండా
స్క్రీను ముందరే నిలబడిపొయ్యినాడు.

“దీన్ని ఎవురు తుడుస్తారమ్మా?”

అర్థం కాలా నాకు.

“ఇంత శుభ్రంగా ఉండాదే. ఇది ఎగిరింది గాదు.”

ఇరవై రెండేండ్లు ఎయిర్‌ఫోర్సులో ఫిట్టరంట.
గోరుతో అద్దం మీద చూపించినాడు:
ఈడ ఆయిలు కారాల.
ఈడ బూటు రాసి రంగు పోవాల.
ఈ మూత దినామూ తీస్తారు,
స్క్రూలు తెల్లగా మెరవాల.
తీసినాక చెయ్యి యాడికి దూరతాది?
ఇందులో నాది పట్టదు.
పట్టదని చూపించేదానికి
చేతిని తెరకి ఆనించినాడు,
కణుపుల మీద పాత గీతలతో సహా.
నాలుగు వేళ్ల మందం వెడల్పు చేసినాను మూతని.
ఎప్పుడూ లేని విమానానికి
ఉన్న చేతి కొలత.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
“ఇది పొయ్యొచ్చిందా, పోబోతా ఉండేదా?”
నేను అంత ఆలోచించలా, సారూ.
“అయితే చక్రాలకి చెక్కలు పెట్టు.”
పెట్టినాను, పసుపురంగువి రెండు, మధ్యలో తాడు.
“ఇంగా దగ్గిరికి. ఆనుకోవాల.”
జరిపినాను.
“డెబ్బై ఒకటి డిసెంబర్లో...” అని మొదలుపెట్టి
“ఫ్లెక్సు ఎప్పుటికిస్తావు?” అన్నాడు.

గుంపులోంచి ఆమెని కత్తిరించినాను.
భుజం మీద ఎవురిదో చెయ్యి మిగిలింది,
చెరపబోతే ఉండనీ అన్నాడు.
వెనకాల మేఘాలు పెట్టేదా?
“వద్దులేమ్మా. ఊరికే గోడ పెట్టు.
మా ఇంటి గోడ నీలం.”

ఏ నీలమో కుదిరేదానికి గంట పట్టింది.

పొద్దున జ్ఞానవేలన్న
రోలు చివర మిగిలిన అడుగు ముక్క మీద
ప్రింటయిన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
ఇదేంది అన్నాడు.
తోతాపురి అన్నాను.
సీజను ఇంకా రాలేదే అని
దాన్నే టేబులు మీద పరిచి
ఇడ్లీ పొట్లం విప్పినాడు.
చట్నీ చుక్క ఒకటి పడింది,
సరిగ్గా ఆయిలు కారాల్సిన చోట.